పసుపు కల్లంలో దిగిన విమానం

ముందే చెబుతున్నాను, ఇది చదివి నన్నెవరూ ఓదార్చకండి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. నక్సలైటు అన్నలు ఒక పక్క, పోలీసులు ఒక పక్క కోరుట్ల చుట్టుపక్కల పల్లెలకు నిద్ర లేకుండా చేస్తున్న రోజుల్లో, ఎవరి సాయమూ లేకుండా, కేవలం నా సొంత తెలివితో ఒక విమానాన్ని మా మేనత్త పసుపు మీద దింపిన ఘనుణ్ణి నేను.

అప్పట్లో నేను హైదరాబాద్‌లో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో విమానం నడపడం నేర్చుకుంటున్నాను. రెండు సీట్ల బుల్లి విమానం, స్కూటరుకు రెక్కలు కట్టినట్టుండేది. ఒక పెళ్ళిలో మా మేనత్త పదిమందిలో నా పరువు తీసింది.

"ఇమానం నడుపుతున్నవట గదరా రవిగా? మేమైతే చూడలే. చూస్తెగద నమ్మేది."

మీరైతే నవ్వి ఊరుకుందురు. నాకంత బుద్ధి ఉంటే ఈ గొడవే లేదు. మొదటిసారి ఒంటరిగా దూరం పంపిన రోజు, మాస్టారు చెప్పిన దారి వదిలేసి సిరిసిల్ల మీదుగా అత్త ఊరికి తిప్పాను. కల్లంలో ఉడకబెట్టిన పసుపుకొమ్ములు ఆరబోసి ఉన్నాయి. పక్కనే అత్త. ఒక చుట్టు తిరిగాను, తలెత్తలేదు. ఇంకో చుట్టు తిరిగాను, అయినా ఎత్తలేదు. ఇంత దూరం వస్తే తల కూడా ఎత్తదా ఈమె అని కోపంతో బాగా కిందికి దిగి మళ్ళీ చుట్టు కొడుతుంటే, ఇంజను నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

ముందున్న పంఖా కదలకుండా నిలబడింది. గుర్తున్న దేవుళ్ళందరినీ పిలిచాను, కొందరినైతే రెండేసి సార్లు. కోసేసిన చేలో చక్రాలు పడ్డాయి, గట్టు మీద ఎగిరాయి, తిన్నగా కల్లంలోకి పోయి ఆగాయి. నాకు గోరంత దెబ్బ తగల్లేదు. విమానానికీ తగల్లేదు. తగిలిందంతా పసుపుకే.

అత్త చీపురుతో వచ్చింది.

"దిగు! దిగురా ముందుగాల! కష్టమంత తొక్కి పారేస్తివి!"

"అత్తా, ఇంజన్ ఫెయిలైంది. సచ్చేటోన్ని!"

"సస్తే సావు! నా పసుపు మీదనే సావాల్నా?" అంటూనే నా తలా చేతులూ తడిమి చూసింది.

ఊళ్ళో తలుపులన్నీ అప్పటికే మూసుకున్నాయి. కాసేపటికి గట్ల మీదుగా పోలీసులు వచ్చారు. రోడ్డు మీద జీపులో వస్తే మందుపాతర భయం కాబట్టి ఎండలో నడిచొచ్చారు. ఆ నడక కోపమంతా ఎస్సైగారు నా మీద తీర్చుకున్నారు.

"ఎవనికోసం దిగినవ్?"

"ఎవలకోసం కాదు సార్, ఇంజన్ ఆగింది."

"గింత దేశముంటే నీ ఇంజన్ గీ ఊర్లెనే ఆగిందా? అన్నలకు ఏం తెచ్చినవ్?"

"ఏం తేలే సార్!"

"ఇంజన్ ఆగింది ఎవలన్న చూసిండ్రా? సాక్ష్యముంటే సరే. లేకుంటే ఠాణాకు నడువు."

ఆ రోజుల్లో ఠాణాకు నడవడమంటే ఎట్లా ఉండేదో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఎస్సై తలుపులు తట్టించి ఊరి పెద్దమనుషుల్ని కల్లంలో నిలబెట్టాడు.

"ఇమానమా? ఏ ఇమానం సార్?" అన్నాడొకాయన, దాని రెక్క నీడలోనే నిలబడి.

"నాకు పొద్దుగాల్నుంచి కండ్లు మసక మసకున్నయి సార్," అన్నాడు ఇంకొకాయన.

"ఓ పెద్దయ్యా, రెక్కకు ఆనుకొనే నిలబడ్డవ్ కదనే!" అని అరిచాను.

"గిది రెక్కనా? నాకేమెరుక కొడుకా," అని మెల్లగా పక్కకు జరిగాడు.

వాళ్ళను అనీ లాభం లేదు. చూశామంటే పోలీసులు అడుగుతారు, పోలీసులకు ఏం చెప్పారని అన్నలు అడుగుతారు. అందుకని ఊరంతా కలిసి నేర్చుకున్న మాట ఒక్కటే: చూడలే. అత్త తల ఎందుకు ఎత్తలేదో నాకప్పుడు తెలిసింది.

కానిస్టేబులు నా చెయ్యి పట్టుకున్నాడు. అంతే, అత్త చీపురు విసిరికొట్టింది.

"ఇడువుండ్రి పిలగాన్ని! నేను చూసిన!"

పెద్దమనుషులంతా ఆమెకు రెండడుగులు దూరం జరిగారు.

"పంఖా ఆగింది, సప్పుడు బందైంది, గాలిల తేలుకుంట అచ్చిండు. నా బిడ్డ మీద ఒట్టు! ఎవలడిగినా గిదే చెప్త!"

ఎస్సై మెత్తబడ్డాడు. "సరే, మీ క్లబ్బోల్లు వచ్చి ఇంజన్ ఖరాబైందంటే వదిలేస్త," అన్నాడు. ఇక చూడాలి నా దర్జా! చాయ్ తాగుతూ, ఇంజను ఆగినా నేనెంత ధైర్యంగా దింపానో ఆయనకే పాఠం చెప్పాను.

ఎస్సై పంపిన కబురు అందుకుని సాయంత్రానికి మాస్టారు కారులో వచ్చారు. కోస్తా మనిషి, కోపిష్ఠి. విమానమెక్కి లోపలికి చూసి అడిగారు:

"ఏరా, రెండో ట్యాంకుకి తిప్పావా?"

చాయ్ గ్లాసు మెల్లగా కింద పెట్టాను. ఆ విమానానికి రెండు ట్యాంకులు. ఒకటి ఖాళీ అయితే సీటు పక్కనున్న పిడి తిప్పి రెండోదానికి మార్చుకోవాలి. నేను ముక్కోటి దేవతలనూ పిలిచానుగానీ ఆ పిడి మాత్రం ముట్టలేదు. మాస్టారు తిప్పారు. ఇంజను హాయిగా మోగింది. మిగిలిన పసుపుకొమ్ములు కూడా ఎగిరి చేలో పడ్డాయి.

ఎస్సై మొహం ఎర్రబడింది. "అంటే కావాల్ననే దిగిండా? వీడు అన్నల మనిషే!"

"కాదండీ," అన్నారు మాస్టారు పళ్ళు కొరుకుతూ. "ట్యాంకు తిప్పడం గుర్తులేని వెధవకి వాళ్ళు తుపాకీ కాదుగదా, టార్చిలైటు కూడా ఇవ్వరు. వీడు ఉత్త గాడిద!"

ఎస్సై పెద్దమనుషుల వైపు తిరిగాడు. "ఏమంటరు?"

పొద్దున్నుంచీ ఏమీ చూడని ఆ ఊరు ఒక్క గొంతుతో పలికింది.

"నిజమే సార్. అందరం చూసినం!"

ఎస్సై కడుపుబ్బ నవ్వి నన్ను వదిలేశాడు. అత్త మాత్రం నవ్వలేదు. "గీని కోసమా నా బిడ్డ మీద ఒట్టేసిన!" అంటూ చీపురు వెతుక్కుంది.

ఆనాడే, ఆ కల్లంలోనే, తూర్పుకు తిరిగి ఘోరమైన ప్రతిజ్ఞ చేశాను: ఇక మీదట ఏది నడిపినా ముందు ట్యాంకు చూసుకుంటాను. ఆ తర్వాత నా చేతికి ఎవరూ ఏదీ నడపడానికి ఇవ్వలేదు కాబట్టి, ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు.