కంద పూచిన ఏడు

పక్కింటి అక్కకు చేపలు ఎండబెట్టుకోవడానికి చోటిచ్చింది నేనేనని మా బంధువులు ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తల దించుకోవాలనిపిస్తుంది. ఆ చోటు ఇచ్చింది మా నాన్న. నేను దాన్ని లాక్కున్నవాణ్ణి.

అరవయ్యో దశకం మొదట్లో మేము కృష్ణపట్నం దగ్గర ఉండేవాళ్ళం. ఇంటికి ఉత్తరాన, గోడ నీడలో, స్నానాల నీళ్ళు పారే చోట ఏదీ బతకదని అమ్మ అనేది. నేను గూడూరు సంత నుంచి కంద పిలక తెచ్చి, పేడనీళ్ళలో ముంచి ఆరబెట్టి, ఆ ఇసుకలో గుంత తీసి, పశువుల ఎరువు నింపి నాటాను. నడుమెత్తు లేచి గొడుగులా విప్పుకుంది. చలికాలానికి ఆకు పండి వాలిపోయింది. తవ్వి కూర వండుకుందామంది అమ్మ. నేను వద్దన్నాను. నేలలోనే ఉంచితే ఏటేటా ఊరుతుందనీ, ఊళ్ళో ఎవరూ చూడనంత దుంపను తవ్వుతాననీ నా ఆశ. ఏటా ఇదే వాదన. అమ్మ కంద కొని వండేది, నాకు వినపడేట్టు గొణుక్కుంటూ.

ఒక ఏడు తొలి జల్లులు పడగానే ఇంటి నిండా ముక్కులు పగిలే కంపు. గోడ అవతల మా ఖాళీ స్థలం. అక్క అక్కడే చేపలు ఎండబెట్టేది. ఎండుచేపలే ఆమెకు కూడు. నేను పోయి, నీ చేపలు కుళ్ళాయి, తీసెయ్యమన్నాను. ఆమె చాపలు చుట్టుకుని కాలవ గట్టుకు మోసుకుపోయింది. అక్కడ నేలంతా చెమ్మ. సరుకు మెత్తబడసాగింది.

కంపు పోలేదు సరికదా, పెరిగింది. చివరికి అక్క తనే వచ్చి, ఈగలు మూగుతున్న వైపు నడిచి, చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గోడ మూలన వంగి చూసింది. నేలను అంటిపెట్టుకుని జానెడు పైనే ఉన్న ఊదారంగు పువ్వు, కుళ్ళు కంపు కొడుతూ. తవ్వకుండా వదిలేసిన కంద ఒకనాటికి ఆకు కంటే ముందు పువ్వు తొడుగుతుందని, ఏటా తవ్వి తినేసే మా ఇళ్ళలో ఎవరికి తెలుసు?

“నా చేపల్నయితే గట్టుకు తోలినావు గదబ్బయ్యా,” అంది అక్క. “దీన్ని ఏడకు తోలతావు?”

అమ్మ అరుగు మీద కూలబడి నవ్వింది. “పోయినేడు కూరొండుకోనుంటే ఈపాటికి అరిగిపోయుండేది గదరా.”

తప్పయిపోయిందని చెప్పి, గట్టు మీది చేపల తట్ట నేనే నెత్తికెత్తుకున్నాను. అక్క నా వెనకే నడుస్తూ, ఎదురైన ప్రతివాళ్ళకూ పువ్వు సంగతి చెప్పుకుంటూ వచ్చింది. పాత చోటనే చాపలు పరిచింది. మెత్తబడినవాటిని తిరగేస్తూ ఉండమని నన్ను ఎండలో కూర్చోబెట్టి, తను అన్నం తినడానికి ఇంటికి పోయింది.