మీటరు తిరగని బండి

1993 నాటి సంగతి. ఆర్మూర్ నుంచి పెర్కిట్ వెళ్లే రోడ్డు మీద, పసుపు గోదాములు అయిపోయే చోట నా మెకానిక్ షెడ్డు ఉండేది. పసుపు సీజన్లో నా దగ్గరికి వచ్చే ఏ బండి ఎయిర్ ఫిల్టర్ విప్పినా పచ్చటి దుమ్మే రాలేది. మా ఇంట్లో నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టేవాళ్లు. అప్పటికి ఆ పనిలో నాకు పదమూడేళ్ల అనుభవం. బండి చప్పుడు విని జబ్బు చెప్పేస్తానని పేరు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఈ కేసుతో అది దిగిపోయింది.

ఒకరోజు పొద్దున బాల్కొండ వైపు నుంచి సాయన్న అనే రైతు ట్రాక్టర్ ట్రాలీలో, పసుపు బస్తాల నడుమ, ఒక వంద సీసీ బండిని వేసుకొని వచ్చాడు. అది అతని అన్న భూమన్నది. భూమన్న మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే కమీషన్ కొట్లో, తూకం వేసేవాడు. సెకండ్ హ్యాండ్‌లో ఆ బండి కొని ఏడాది నడిపాడో లేదో, మస్కట్ వీసా వచ్చి వెళ్లిపోయాడు. రెండేళ్లయింది.

"అన్న ఇంకో ఇరవై దినాలల్ల వస్తుండు ఉస్తాద్. గేరు పడ్తలేదు. గట్టిగ తొక్కితే ధడ్ మని పడ్తది, న్యూట్రల్ దొర్కదు. నేను మాత్రం తోలలేదు. మీటరు సూడు. అన్న పోయిన్నాడు ఎంతుండెనో గంతే ఉన్నది."

భూమన్న పోయేముందు మీటరు అంకె చూసి, ఇంటి దూలం మీద చాక్‌పీసుతో రాసి పెట్టాడట. ఆ అంకె కదలకూడదనే సాయన్న బండిని ట్రాలీలో తెచ్చాడు. అన్నదమ్ములిద్దరికీ అంతకుముందు పొలం నీళ్ల దగ్గర మాట పట్టింపు వచ్చి, ఏడాది పాటు మాటల్లేవు. భూమన్న మస్కట్ వెళ్లే ముందే మళ్లీ కలిశారు. బండి ఉండేది అన్న ఇంట్లోనే అయినా, అన్న తర్వాత అది తోలడం వచ్చింది తనకే కాబట్టి, ఇప్పుడు చెడిపోయి కనిపిస్తే అన్న ఏమనుకుంటాడోనని అతని భయం.

గేర్లు మొరాయిస్తే మేము ముందుగా చూసేది క్లచ్ కేబుల్. అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. తర్వాత క్లచ్ ప్లేట్లు. ఇంజిన్ బలాన్ని గేర్ల నుంచి కాసేపు విడదీసేవి అవే. అవి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇంతవరకు ఏళ్ల తరబడి నిలబడిన బండికి ఉండే లక్షణాలే. కానీ గేర్ ఆయిల్ దించితే అందులో ఇనుప రజను మెరుస్తోంది. గేర్‌బాక్స్ విప్పాను. పళ్ల చక్రాల పక్కన డాగ్స్ అని బొడిపెలు ఉంటాయి, ఒక గేరును ఇంకోదానికి తగిలించేవి. వాటి అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. గేర్లను అటూ ఇటూ జరిపే ఫోర్క్ కొన కూడా అరిగింది. క్లచ్ పట్టకుండా వందలసార్లు గేరు వేస్తే తప్ప అట్లా అరగదు.

నాకు విషయం తెలిసిపోయిందనుకున్నాను. సాయంత్రం సాయన్న రాగానే నలుగురి ముందే అనేశాను.

"మీటరు కేబుల్ ఊడదీసి తోలేటోళ్లను మస్తుమందిని చూసిన తమ్మీ. అన్న లేడని తోలితే తోలినవ్, క్లచ్చయినా పట్టాల్సింది."

సాయన్న ముఖం పాలిపోయింది. "మా అన్న గూడ గిదే అంటడు," అన్నాడు. కోప్పడలేదు, వాదించలేదు. చెప్పులు వేసుకొని బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను దొంగను పట్టుకున్నవాడిలా మీసం సవరించుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఒకామె మూడేళ్ల పాపను చంకన వేసుకొని బస్సు దిగి వచ్చింది. భూమన్న భార్య గంగమణి. విప్పి పెట్టిన ఇంజిన్‌ను వంగి చూసింది.

"అన్నా, తోలకుండ గూడ గేర్లు అరుగుతయా?"

"తోలకుండ ఎట్ల అరుగుతయమ్మా?"

"సాయన్న తోలలేదు. నేనే," అంది.

షెడ్డులో అప్పుడు ఎవరూ లేరు. స్టూలు వేస్తే కూర్చోలేదు. నిలబడే చెప్పింది.

"మా ఇల్లు ఊరవతల, పొలం కాడ ఉంటది. ఆయన రోజూ దీపాలు పెట్టే యాళ్లకు మార్కెట్ నుంచి వచ్చేటోడు. బోరింగు కాడ మలిగి గేరు ఏస్తుండె. గా సప్పుడు ఇనంగనే నేను పెంక మీద రొట్టె ఏస్తుంటి. ఆయన పోయినంక గా యాళ్లకు నాకు చేతులు ఆడకపోయేటియి. ఒకనాడు కిక్కు కొట్టిన. శానసేపటికి ఇంజిన్ చాలూ అయింది. స్టాండు మీదనే గేరు ఏసిన. అదే సప్పుడు అన్నా. గప్పటి సంది రోజూ ఏస్తున్న, పెట్రోలు సీసాల తెచ్చుకుంట."

బండిని మెయిన్ స్టాండు మీద నిలబెడితే వెనక చక్రం గాలిలో ఉంటుంది. గేరు వేస్తే అదే తిరుగుతుంది. మీటరు కేబుల్ ముందు చక్రానికి ఉంటుంది కాబట్టి అంకె కదలదు. పదమూడేళ్ల ఉస్తాద్‌కు ఈ మాత్రం తట్టలేదు.

"మరి క్లచ్ పట్టలేదా అమ్మా?"

"గదేంది?" అంది.

హ్యాండిల్ దగ్గరున్న లివర్ చూపించాను. ఆమె దాన్ని మొదటిసారి చూసినట్టు చూసింది.

"ఆయన ఎన్క ఒక దిక్కు కాళ్లేసి కూసుంటం గదా. నాకు కనబడేది ఆయన ఎడమ కాలే. కాలుతోని ఏం జేస్తడో గదే నేర్సుకున్న. చేతి సంగతి నాకెట్ల తెలుస్తది?"

అంతకుముందు ఎన్నో గేర్‌బాక్సులు విప్పాను కానీ, ఒక మనిషి కోసం ఎదురుచూసి అరిగిపోయిన గేర్లను చూడటం అదే మొదలు. నా పిల్లలు, నా భార్య ఐదు నిమిషాల నడక దూరంలో ఉన్నారు. ఆ పూట అన్నానికి ఇంటికి వెళ్లాలనిపించింది, వెళ్లాను కూడా.

ఆమె రెండు మాటలు తీసుకుంది నా దగ్గర. సాయన్నది తప్పు లేదని అతనికి చెప్పాలి. తన సంగతి మాత్రం ఎవరికీ, ముఖ్యంగా భూమన్నకు, చెప్పకూడదు. "నవ్వుతడు. దోస్తులందరికీ చెప్తడు," అంది. బస్సెక్కబోతూ వెనక్కి వచ్చి ఇంకోటి అడిగింది.

"మంచిగ చేసినంక గా సప్పుడు పోదు గదా?"

"మెత్తగయితది గని, పూర్తిగ పోదమ్మా," అన్నాను.

నిజామాబాద్ నుంచి ఫోర్క్, రెండు గేర్లు, ప్లేట్లు తెప్పించి వేశాను. కొత్త కేబుల్, కొత్త ఆయిల్. సాయన్నను పిలిపించి, అప్పుడు విన్న నలుగురిలో ముగ్గురు ఉండగానే, "తప్పు నాది తమ్మీ, నువ్వు తోలలేదు," అని చెప్పాను. ఎవరు చేశారని అతను అడగలేదు. ఛాయ్ తాగి బండిని మళ్లీ ట్రాలీ ఎక్కించాడు.

భూమన్న వచ్చాడు. ఉన్న రెండు నెలలూ బండి మీద తిరిగాడు. వెళ్లే ముందు ఒకరోజు భార్యను, పాపను ఎక్కించుకొని షెడ్డుకు వచ్చాడు.

"గేర్లు వెన్నతీర్గ పడుతున్నయ్ ఉస్తాద్. ఎల్లుండి పోతున్న. పెట్రోలు, ఆయిలు దించెయ్. బండి సాయన్న ఇంట్ల పెట్టిపోత. అన్ని దినాలు ఊకె నిలబడేదే గదా."

తమ్ముడి మీద నమ్మకం నిలబడినందుకు సంతోషించాల్సిన మాట అది. కానీ అతని వెనక నిలబడ్డ గంగమణి నేల వైపు చూస్తోంది. ఎల్లుండి నుంచి ఆ ఇంట్లో మనిషీ ఉండడు, బండీ ఉండదు.

అప్పుడు చెప్పాను, పనిలో నేను తెలిసి చెప్పిన ఒకే ఒక్క అబద్ధం. నిజానికి నిలబెట్టిన ఇంజిన్‌ను వారానికోసారి నడిపితే చాలు. ఊరికే రోజూ నడపడం దానికి అంత మంచిది కూడా కాదు.

"గట్ల చెయ్యకు," అన్నాను. "లోపల అంతా కొత్త సామాను పడ్డది. రోజూ నడపాలె. స్టాండు మీదనే, గేర్లు ఏసుకుంట. లేకుంటే మళ్ల జామైతది. బండి మీ ఇంట్లనే ఉండనియ్యి."

"ఇంట్ల గంగమణి ఒక్కతే ఉంటది. ఆమెకేం తెలుసు?"

"అయితే నేర్పియ్యి."

భూమన్న నవ్వి, షెడ్డు ముందే బండిని స్టాండెక్కించాడు. ఆమె ఎడమ చెయ్యి పట్టుకొని క్లచ్ లివర్ మీద పెట్టాడు. "ముందుగాల ఇది వట్టాలె. గప్పుడే గేరు," అన్నాడు. ఆమె ఏమీ తెలియనట్టే తల ఊపింది. ఆమె కొట్టిన మొదటి కిక్కుకే ఇంజిన్ అందుకుంటే అతను ఆశ్చర్యపోయాడు.

ఏ పార్టు ఎట్లా అరిగిందో చెప్పడం మెకానిక్‌కు వస్తుంది. ఎందుకు అరిగిందో బండి చెప్పదు, ఆ ఇంటి మనుషులను అడగాలి. సాయన్న ముఖం పాలిపోయేదాకా నాకు అది తెలియలేదు. ఆ తర్వాత ఏ బండి విప్పినా ముందు ఆ ఇంట్లో ఎవరెవరున్నారో అడిగి గానీ నిందమాట అనలేదు.

పాపను ఎత్తుకుంటూ గంగమణి నన్ను అడిగింది. "రోజుకు ఎంతసేపు నడపాలె అన్నా?"

"పది నిమిషాలు చాలు."

"పావుగంట నడుపుత," అంది.