హెలెనా గారు నేర్చుకున్న తెలుగు

మొన్న ఉదయం మా అత్తగారు పొయ్యి మీద డికాక్షన్ పెట్టి మరిచిపోయారు. ఇల్లంతా మాడిన కాఫీ వాసన. ఆవిడ కిటికీలు తెరుస్తూ కంగారు పడుతుంటే, నేను మాత్రం వంటింటి గుమ్మంలో నిలబడి ఆ వాసన గుండెల నిండా పీల్చుకున్నాను. పాలూ పంచదారా లేకుండా, నల్లగా మరిగించిన కాఫీని గ్లాసుల కొద్దీ తాగే మనిషిని నేను ఒక్కరినే ఎరుగుదును. ఆవిడ పేరు హెలెనా.

హెలెనా గారిది ఫిన్లాండ్. ఏలూరు దగ్గర చేపల మేత తయారుచేసే ఒక కంపెనీ, రైతుల చెరువులు చూసి సలహాలు చెప్పడానికి ఆవిడను పిలిపించింది. అప్పుడే డిగ్రీ పూర్తి చేసిన నేను ఆవిడకు దుబాసీగా చేరాను. ఒక భాషలో విన్నది ఇంకో భాషలో చెప్పడమేగా, అదేం కష్టం అనుకున్నాను. ఆవిడ దేశంలో అడిగినదానికి ఉన్నదున్నట్టు జవాబు చెప్తారట, చెప్పడానికి ఏమీ లేకపోతే ఊరుకుంటారట. మా వైపు ఈ రెండూ మర్యాద కిందికి రావు. గేటు దగ్గర వాచ్‌మన్ "భోజనం చేశారా అమ్మా?" అని అడిగితే ఆవిడ ఆగి, ఏం తిన్నారో, అందులో ఉప్పు ఎలా ఉందో వివరంగా చెప్పి గానీ లోపలికి వచ్చేవారు కాదు. పాపం ఆ వాచ్‌మన్ కూడా అంతా విని, నాకేసి చూసి తలూపేవాడు.

ఒక సాయంత్రం ఆఫీసులో ఏసీ బాగు చేసిన మెకానిక్ "వస్తానండీ" అని వెళ్లిపోయాడు. నేను బ్యాగు సర్దుకున్నా ఆవిడ కుర్చీలోంచి కదలలేదు.

"అతను వస్తానన్నాడు కదా, తాళం వేస్తే ఎలా?" అన్నారు ఇంగ్లీషులో.

"వెళ్తాను అనడం మాకు బాగుండదండి. అందుకని వస్తాను అంటాం."

"మరి నిజంగా తిరిగి వచ్చేవాళ్లు ఏమంటారు?"

"వాళ్లూ వస్తాననే అంటారండి."

"తేడా ఎలా తెలుస్తుంది?"

"వచ్చినప్పుడు తెలుస్తుందండి."

ఆవిడ తాళం చెవులు తీసుకుని లేచారు.

ఒక ఆదివారం ఆవిడను పెంటపాడులో మా ఇంటికి భోజనానికి తీసుకెళ్లాను. మాది మిషనరీల కాలం నాటి క్రైస్తవ సంఘం. మా నాయనమ్మ చిన్నప్పుడు ఒక దొరసాని గారు ఆవిడకు తెలుగులో కీర్తనలు నేర్పారట. అందుకని తెల్లగా ఉన్న మనిషి ఎవరైనా కీర్తనలు పాడతారని ఆవిడ గట్టి నమ్మకం. విస్తరి ముందు కూర్చోగానే, "దొరసాని గారిని ప్రార్థన చేసి, ఒక పాట పాడమనవే" అంది. హెలెనా గారు వెంటనే, "నాకు ప్రార్థన అలవాటు లేదు. పాటలు రావు. అబద్ధం ఆడలేను" అన్నారు. ఆ మాట నాయనమ్మకు ఎలా చెప్పను? "గొంతు బాగాలేదట నాయనమ్మా" అన్నాను.

నాయనమ్మ గబగబా లేచి వెళ్లి మిరియాల కషాయం కాచి తెచ్చింది. హెలెనా గారు అది మన ఆచారం కాబోలు అనుకుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా మొత్తం తాగేశారు. నాయనమ్మ సంతోషించి ఇంకో గ్లాసు పోసింది. సంగతేమిటో కారెక్కాక అడిగి తెలుసుకున్నారు. కోప్పడలేదు. కిటికీలోంచి పొలాలు చూస్తూ, "నా నోటితో నువ్వు అబద్ధం చెప్పావు, కషాయం మాత్రం నేను తాగాను" అన్నారు.

తర్వాత కొద్ది నెలలకు ముదినేపల్లి దగ్గర వెంకటరత్నం గారి చెరువుకు వెళ్లాం. పెద్ద చెరువు, చేప ఒత్తుగా ఉంది. ధర పెరగాలని ఆయన చేప పట్టించడం వాయిదా వేస్తూ వస్తున్నారు. హెలెనా గారు నీళ్లు పరీక్షించి నాతో అన్నారు: "ఈ నీళ్లలో ఇన్ని చేపలకు గాలి చాలదు. సగం వెంటనే పట్టించాలి. లేకపోతే మబ్బు పట్టగానే మొత్తం చచ్చిపోతాయి. ఇదే చెప్పు."

అప్పుడే ఆయన మాకు కొబ్బరిబోండాలు కొట్టించి ఇచ్చారు. లోపల ఆయన భార్య మా కోసం చేప ముక్కలు వేయిస్తున్నారు. ఆ ఇంట్లో కూర్చుని చావు మాట ఎలా ఎత్తను? "మేడమ్ గారు చెరువు చాలా బాగుందంటున్నారండి. వీలైతే కాస్త పలచన చేసుకుంటే ఇంకా బాగుంటుందట" అన్నాను.

"అలాగేనండి, చూద్దాం" అన్నారాయన, హాయిగా నవ్వుతూ.

ఆ నవ్వు చూసి హెలెనా గారు నా వైపు తిరిగారు. "మీ నాయనమ్మకు చెప్పినట్టే చెప్పావా?" నేను తల దించుకున్నాను. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని, ఇన్నాళ్లుగా విని నేర్చుకున్న తెలుగంతా కూడగట్టుకున్నారు.

"ఏవండీ, వెంకటరత్నం గారండీ. చేపలు చచ్చిపోతాయండీ. అన్నీ చచ్చిపోతాయండీ. సగం పట్టండీ."

ఆయన భార్య అట్లకాడతోనే బయటికి వచ్చేశారు. వెంకటరత్నం గారి నవ్వు ఆగిపోయింది. "ఏమ్మా, నిజమేనా?" అని నన్నడిగారు.

"నిజమేనండి. చచ్చిపోతాయండి" అన్నాను.

ఆయన "చావు కబురు ఇంత మర్యాదగా చెప్పినవాళ్లను నేను చూళ్లేదండి" అని వలలవాళ్లకు ఫోను చేశారు. సగం చేప వెళ్లిపోయిన కొద్ది రోజులకే ముసురు పట్టింది. మిగిలిన చేప నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచింది. గాలి అందేలా ఇంజన్లు పెట్టి నీళ్లు చిమ్మితే తట్టుకుని నిలబడింది. మొత్తం చేప ఉండి ఉంటే ఏమయ్యేదో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

వెంకటరత్నం గారింటి నుంచి ఆ రోజు తిరిగి వస్తుంటే హెలెనా గారు ఒక మాటన్నారు. "నీ మెత్తదనం వదులుకోమనడం లేదు. అది నేనూ నేర్చుకుంటున్నాను. అసలు విషయం మాత్రం మింగేయకు."

ఆవిడ వాళ్ల దేశం వెళ్లిపోయాక నేను నీటి పరీక్షలు నేర్చుకుని తాడేపల్లిగూడెంలో చిన్న ల్యాబ్ పెట్టుకున్నాను. రైతులు సీసాలతో నీళ్లు తెస్తారు. "అంతా బాగానే ఉంది కదమ్మా?" అని, బాగానే ఉందనిపించుకోవడానికే అడుగుతారు. ఇప్పటికీ ఆ మొహాలు చూస్తే నా నాలుక మెత్తబడుతుంది. మజ్జిగ తాగండి, కాస్త సేద తీరండి అని మాట దాటేయాలనిపిస్తుంది.

"బాగాలేదండి" అంటాను. అది చెప్పేశాకే మజ్జిగ ఇస్తాను.