రంగు పడిన గోడ

ఆ వడ్రంగికి చెవి మీద పెన్సిలు లేకపోతే ఒంటి మీద చొక్కా లేనట్టే. ఆదివారం ప్రార్థనకు వెళ్ళినా అది అక్కడే ఉండేది. పూర్వం ఓ భక్తుడు దేవుడు చేసిన సాయాన్ని మరచిపోకుండా రాయి నిలబెట్టాడని ఒకసారి పాస్టరుగారు చెబితే, మనవాడు ఇంటికొచ్చి, "రాళ్ళు మోసే ఓపిక నాకెక్కడిది, పెన్సిలుంది చాలు" అన్నాడు. ఆ రోజే పనిగది గోడ మీద మొదటి మాట రాశాడు: జ్వరం. పసిగుడ్డుగా ఉన్న కూతురు చావు తప్పించుకున్న వారం అది.

అప్పటి నుంచి పాతికేళ్ళు. ఒక్కో మేలుకు ఒక్కటే మాట. మెట్లు. తేనెటీగలు. రంపం. తాళంచెవి. రోజూ పొద్దున్నే చిత్రిక అందుకునే ముందు గోడకు ఎదురుగా నిలబడి, ఒక్కొక్కటీ పైకి చదివి "స్తోత్రం ప్రభువా" అనేవాడు. చదవనిదే చెక్క ముట్టేవాడు కాదు. బేరం గుమ్మంలోకి వచ్చి నిలబడినా ఆగాల్సిందే.

ఇప్పుడు ఆయన భార్యకు కంటి ఆపరేషన్. ఒక కన్ను ఏనాడో పోయింది. రెండోది మసకబారి, ఎదుటి మనుషులు నీడల్లా కనబడుతున్నారు. అదీ పోతే ఇక చీకటే. పరీక్షల కోసం రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, రేపు ఆపరేషన్ అనగా మధ్యాహ్నం ఇల్లు చేరారు.

వడ్రంగి నేరుగా పనిగదిలోకి వెళ్ళి కొయ్యబారిపోయాడు. గోడంతా తెల్లగా తళతళలాడుతోంది. వెనకే కొత్త అల్లుడు బ్రష్షు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"బాగుందా మామయ్యగారూ? అత్తయ్యగారికి చూపొచ్చేసరికి ఇల్లు శుభ్రంగా ఉండాలని నేనే వేశాను. అదేదో పాత సామాన్ల జాబితా ఉంది, అది పోవడానికి రెండు పూతలు పట్టాయి."

కొత్త అల్లుణ్ణి ఏమంటాడు? గుడ్లు మిటకరించి, "బాగుంది బాబూ" అన్నాడు. లోపల మాత్రం కోపమూ, ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

అంతలో ముందుగదిలోంచి భార్య పిలిచింది. "ఏమండీ, నన్ను మీ గోడ దగ్గర కూర్చోబెట్టి ఒకసారి చదవండి. నాకు చాలా భయంగా ఉంది. ఈ కన్ను కూడా పోతే నేనేమైపోవాలి?"

రేపు కత్తి కింద పడుకోబోయే మనిషికి గోడ పోయిందని ఎలా చెబుతాడు? కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఖాళీ గోడకేసి తిరిగి గొంతు సవరించుకున్నాడు. "జ్వరం. స్తోత్రం ప్రభువా. మెట్లు. స్తోత్రం ప్రభువా." తేనెటీగలు, రంపం దాకా బండి నడిచింది. ఆపైన ఆగిపోయింది. రోజూ చూసి చదువుతున్నాం కదా అని గుర్తుపెట్టుకునే పని గోడకే వదిలేశాడని అప్పుడు తెలిసొచ్చింది. తడుముకుని, "కిటికీ" అన్నాడు.

"కిటికీ ఎక్కడిదండీ? రంపం తరువాత తాళంచెవి."

వడ్రంగి నీళ్ళు నమిలాడు. "అక్షరాలు కాస్త అలుక్కుపోయాయే..."

"అలుక్కుపోవడమేంటి, రంగు పడింది. ఈ గది గడపలోనే వాసన కొట్టింది. తగ్గింది చూపు గానీ ముక్కు కాదు."

ఆయన పనిబల్ల మీద చతికిలబడ్డాడు. "అల్లుడు తెలియక..."

"అతన్నేమీ అనకండి. పాతికేళ్ళుగా వంటగదిలోంచి వింటూనే ఉన్నాను. నేను చెబుతాను, మీరు స్తోత్రం చెప్పండి. జ్వరం, పిల్ల బతికింది. మెట్లు, మీరు పైనుంచి కిందిదాకా దొర్లినా ఎముక విరగలేదు. తేనెటీగలు, తుట్టె కదిలితే పరిగెత్తి కాలవలో దూకారు. ప్రాణం దక్కింది, పరువే దక్కలేదు."

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది.

"తాళంచెవి ఎందుకు రాశానో నాకే గుర్తు లేదే!"

"తాళంచెవి పోగొట్టుకుని వానలో బయటే నిలబడ్డాం. ఆ గంటలోనే లోపల దూలం విరిగి మన మంచం మీద పడింది. తిట్టుకుంటూ తడిశాం, అందుకే మిగిలాం."

"స్తోత్రం ప్రభువా" అన్నాడు వడ్రంగి. గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డ అల్లుడు కూడా మెల్లగా అదే మాట అన్నాడు. ఆమె చివరిదాకా ఒక్కటీ వదలకుండా చెప్పింది. చెప్పేకొద్దీ గొంతులో వణుకు పోయింది.

"పెన్సిలుందా? ఇవాళ్టిది రాయండి."

"ఆపరేషన్ రేపు కదే. ఇవాళ ఏం జరిగిందని?"

"నా భయం తగ్గింది. అది చిన్న మేలా?"

వడ్రంగి లేచి, కొత్త గోడ మీద రాశాడు: భయం.

"ఎంత రాశారు?"

"ఎప్పట్లాగే, వేలెడంత."

"కాస్త పెద్దగా రాయండి. కట్టు విప్పాక నేను మొదట చదవాల్సింది అదే."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. గోడకు కొలబద్ద ఆనించి, జానెడేసి అక్షరాలతో మళ్ళీ మొదలుపెట్టాడు.