పూడికంతా తీయించేశానండి!

కాలువ అడుగు మట్టిలో సీసం, కాడ్మియం లాంటి విషలోహాలు ఎంత పేరుకున్నాయో చూడటానికి ఈ రోజు రేపల్లెలో మా వీధి మురుగు కాలువ దగ్గరికి ల్యాబువాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారని తెలిసి, మా వీధికి స్వయంప్రకటిత పెద్ద అయిన సుబ్బారావు బాబాయి నిన్ననే జేసీబీ పెట్టించి కాలువను అద్దంలా చేయించాడు. గట్ల మీద బ్లీచింగ్ పౌడర్‌తో ముగ్గు కూడా వేయించాడు.

"మీరొస్తున్నారని పూడికంతా తీయించేశానండి," అన్నాడు బాబాయి, దండ కోసం మెడ వంచినట్టు నిలబడి.

"మాకు కావాల్సింది ఆ పూడికేనండి! ఎక్కడ పోశారు?"

"ఏటా పోసేచోటేనండి, మా వంగతోటలో. ఏం సత్తువండి ఆ మట్టికి! కాపు చూస్తారా?"

ల్యాబువాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. తోటమట్టిలో కలిసిపోయింది తమకు పనికిరాదని ఖాళీ శాంపిల్ సంచులతో బయల్దేరుతుంటే, బాబాయి వాళ్ళ చేతిలో సంచెడు వంకాయలు పెట్టాడు. మొహమాటానికి తీసుకున్నారు. అవి ల్యాబుకెళ్ళాయో, వంటింటికెళ్ళాయో తెలియదు.

పొద్దున మా వీధంతా ఆ వంకాయలే పంచాడు బాబాయి. ఇప్పుడు మా స్టవ్ మీద గుత్తి వంకాయ ఘుమఘుమలాడుతోంది.

మీరే చెప్పండి. తిననా, టెస్టుకు పంపనా?