శ్రీకీ కీ.శే.కీ నడుమ

మా ప్రాంతపు సాహిత్య పురస్కారానికి ఈ ఏడాది ఇరవై అయిదేళ్లు నిండాయి. రజతోత్సవం అన్నారు. అవార్డు సంగతి అటుంచితే, దాన్ని తీసుకున్నవాళ్ల తలలకు ఆ ఉత్సవం ఎప్పుడో జరిగిపోయింది. నాకూ ఒక ఏడాది ఇచ్చారు. ఆ ఏడాది వానలూ లేవు, పుస్తకాలూ లేవు. కరువులో నేను గట్టెక్కాను.

మదనపల్లెలో సభ, దానికొక ప్రత్యేక సంచిక. అందులో గ్రహీతలందరి ఫోటోలు, పేర్లు. అందరికీ ఫోన్ చేసి వివరాలు సరిచూసే పని నాకు అప్పగించారు.

ఆ గ్రహీతల్లో కుప్పం పెద్దాయన ఒకరు. నా మొదటి కథను ఎర్ర సిరాతో దిద్ది, కథ కంటే దిద్దుబాట్లే ఎక్కువగా తిప్పి పంపిన కథకుడు. కొంతకాలంగా ఒంట్లో బాగుండదని విన్నాను. ఫోన్ చేస్తే ఆయన భార్య ఎత్తింది.

“అన్న ఉన్నారామ్మా?”

“ఆయప్ప లేడప్పా.” గొంతు బొంగురుపోయి ఉంది.

“అయ్యో, ఎప్పుడమ్మా?”

“సోమవారం తెల్లారేతలికే తీసకపోయినారు.”

“ధైర్యంగా ఉండండమ్మా.”

“ఏం సేసేదప్పా. దేవుడుండాడు.”

దేవుడున్నాడు, ఆయన లేడు. ఇంకేం అడగాలి? ఆయన పేరు ముందున్న ‘శ్రీ’ కొట్టేసి, నా చేత్తోనే ‘కీ.శే.’ అని రాశాను. పుంగనూరు ప్రెస్సులో సంచిక అచ్చయి, కుట్టు కూడా పడింది.

పది రోజుల తర్వాత కీర్తిశేషులు ఫోన్ చేశారు.

“ఏమప్పా, పుస్తకం అచ్చయిందంటనే. నా ఫోటో బాగా పడిందా?”

మాటల్లో సంగతి తేలింది. లేడంటే ఇంట్లో లేడని. తీసుకుపోయింది బెంగళూరు ఆస్పత్రికి. ఇన్నేళ్లు తెలుగులో రాసి, ‘లేడు’ అన్న మాటకు నాకు ఒకటే అర్థం తోచింది.

“డాక్టర్లు ఇంటికి పిల్చుకపోండి అనేసినారు” అన్నారాయన. ఆ మాటకు మాత్రం నిజంగానే ఒకటే అర్థం. “సభకు రాలేనులే. ఆ పుస్తకమొకటి సూసి పోతా.”

మరునాడు వట్టి చేతులతో కుప్పం వెళ్లాను. దుప్పటి కింద మనిషి ఉన్నాడా అన్నంత సన్నబడ్డారు. పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. భార్య కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే జరిగింది చెప్పేశాను. ఆయనకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది. దగ్గు చాలాసేపు ఆగలేదు.

“కీర్తిశేషుడినా? కీర్తి యాడుండాదప్పా, అంతా శేషమే.” కాస్త ఊపిరి తీసుకుని గొంతు తగ్గించారు. “మా ఇంటామె సూస్తే తట్టుకోలేదు. తన నోటితోనే ఆ మాట పడిందని ఏడుస్తాది. శ్రీ తగిలించి తీసకరా. నేను సూడాల, ఆమెకు సూపించాల.”

“తెస్తానన్నా.”

“తొందరగా తే. నీ కథల మాదిరి సాగదీయొద్దు.”

తిరుగు దారిలో పుంగనూరులో దిగాను. ప్రెస్సాయన తలెత్తకుండా చెప్పాడు. “పెండ్లి పత్రికలు పడతాండాయి సార్. ముహూర్తాలు మన కోసం ఆగవు గదా. నాలుగు దినాలు టైమియ్యండి.” సరేనన్నాను. ఒక్క ప్రతి అయినా ఇప్పుడే మార్చి ఇవ్వమని అడగొచ్చు గదా అని బస్సెక్కాక తోచింది. బస్సు ఇంకా స్టాండులోనే ఉంది. నాకు కిటికీ పక్క సీటు దొరికింది. దిగలేదు.

మూడో రోజు పొద్దున ఆయన భార్య ఫోన్ చేసింది. ఈసారి రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను.

అవార్డు కమిటీ కార్యదర్శికి చెప్పాను. “పాపం, మంచి మనిషి” అన్నాడు. మొహమాటంగా అడిగాడు. “అయితే సార్, ఇంక ఆ పేజీ మార్చే పని లేదు గదా?”

లేదన్నాను. ప్రెస్సుకు నేనే ఫోన్ చేసి ఆపించాను.

ఆ తర్వాత ఏడ్చాను. అబద్ధమెందుకు, దానికంటే ముందు వచ్చింది ఊరట. సంచికలో ఇక తప్పు లేదు.