పిట్లం పులి నున్నని చెయ్యి

ఆ రోజుల్లో మాకు తెలిసిన పచ్చబొట్లు రెండే రకాలు. మొదటివి అవ్వలవి. మోచేతి నుంచి మణికట్టు దాకా చుక్కలు, తేళ్లు, తులసికోటలు ముడతల్లో ముడుచుకుపోయి ఆకుపచ్చగా ఉండేవి. వాటిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. రెండోవి టీవీలో కనిపించే ఆటగాళ్లవి. వాటిని అందరూ చూసేవారు, చూసి పెద్దవాళ్లు నాలుగు మాటలు అనేవారు కూడా. ఒంటి నిండా బొమ్మలు పొడిపించుకున్నవాడికి క్రమశిక్షణ ఉండదని, వాణ్ని చూసి పిల్లలు చెడిపోతారని మా చుట్టుపక్కల గట్టి నమ్మకం. ఆ మాట అంటున్నవాళ్ల అమ్మల చేతులు కూడా ఖాళీగా లేవన్న సంగతి మాకెవరికీ తట్టలేదు. తట్టినా అడిగే ధైర్యం ఎక్కడిది?

నేనప్పుడు డిగ్రీ మధ్యలో వదిలేసి కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక ఫ్లెక్సీల షాపులో కొత్తగా చేరాను. బీబీపేట నుంచి రోజూ బస్సులో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని నాయకుల ఫొటోలు బాగుచేయడం నా ఉద్యోగం. బట్టతలల మీద జుట్టు మొలిపించేవాణ్ని, పదేళ్ల వయసు తగ్గించేవాణ్ని. దండం పెడుతున్న మొండెం ఒకటి మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎవరి తల వస్తే ఆ తల దాని మీద కూర్చునేది. (ఒకసారి ముగ్గురు బద్ధశత్రువులు ఒకే ఫ్లెక్సీలో, ఒకే చొక్కాలో, ఒకే ఉంగరాలతో దండం పెట్టారు. ఎవరూ గుర్తుపట్టలేదు.) షాపు యజమానిని అందరూ సేటు అనేవారు. మంచివాడే కానీ, బొమ్మ బాగాలేదని ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ బొమ్మ చేసినవాడు మర్నాడు కనిపించేవాడు కాదు. నాకు ముందున్న ఇద్దరూ అలా కనిపించకుండా పోయినవాళ్లే.

ఇక పులన్న గురించి చెప్పాలి. పిట్లం దగ్గరి ఒక పల్లెలో కూలిపని చేసే తల్లి కడుపున పుట్టి, దేశమంతా చూసే కబడ్డీ పోటీల్లో రైడరయ్యాడు. పేపర్లవాళ్లు పిట్లం పులి అని రాసేవారు, మేం పులన్న అనుకునేవాళ్లం. ఆయన కూతకు వెళ్లేముందు కుడిచేత్తో తొడ కొడితే, ఆ చేతిమీద భుజం నుంచి మణికట్టు దాకా ఉన్న పచ్చబొట్లన్నీ కదిలేవి. నేనైతే ఆటకంటే ఆ చేతినే ఎక్కువ చూసేవాణ్ని. ఒక్కసారి ఆ చెయ్యి ముట్టుకుంటే జన్మ ధన్యమనుకునేవాణ్ని. సిగ్గులేకుండా చెబుతున్నాను, నా ఎడమచేతి మీద బాల్‌పెన్నుతో అదే పులిని గీసుకుని, బస్సు దిగేలోపు ఉమ్మితో తుడుచుకున్న రోజులు కూడా ఉన్నాయి.

అలాంటి పులన్నకు ఎల్లారెడ్డిలో సన్మానం పెట్టారు. సన్మాన సంఘానికి పెద్ద ఒక మాజీ సర్పంచ్. ఆయన పులన్న పెద్ద ఫొటో తీసుకుని మా షాపుకు వచ్చి, నా వెనక కుర్చీ వేసుకుని, ఫ్లెక్సీలో ఎవరి తల ఎంత ఉండాలో చెప్పాడు. చివరికి తెరమీద పులన్న చేతికి వేలు ఆనించి, నాకు ఇప్పటికీ మరుపురాని ఆ మాట అన్నాడు.

"గీ గీతలన్ని సాఫ్ చెయ్యి. పిలగాండ్లు చూస్తరు. రేపు మా ఊళ్ల ఒక్కని చెయ్యి కూడ మంచిగ ఉండది."

నేను సేటు వైపు చూశాను. సేటు తల ఊపాడు. మాజీ సర్పంచ్ అంతటితో ఆగలేదు. తన ఫొటోలో వాచీ పట్టీ పక్కనుంచి ఆకుపచ్చగా రెండక్షరాలు తొంగిచూస్తున్నాయి, అవీ తీసేయమన్నాడు. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతాడేమోనని వాళ్ల నాయన ఆయన పేరును మణికట్టుమీద పొడిపించాడట. (పెద్దయ్యాక తప్పిపోయే భయం పోయింది కానీ పేరు పోలేదు. అందుకని వాచీ.)

మామూలుగా నేను మచ్చలు తీయడంలో దిట్టను. పక్కనున్న నున్నని చర్మం తెచ్చి మచ్చమీద అద్దుకుంటూ పోవడమే. కానీ ఆ చేతిని తెరనిండా పెద్దది చేసేసరికి నా వేళ్లు ఆడలేదు. దూరంనుంచి పులి ఒక్కటే కనిపించేది. దగ్గరికి వెళితే అక్కడ ఒక లోకమే ఉంది. పులి మీసాల కింద కూతకు వంగిన మనిషి, ఆ మనిషి పాదాల కింద గీత, గీత కింద విరిగి అతుక్కున్న ఎముక మీది కుట్ల గుర్తులు, ఆ కుట్లనే కొమ్మలుగా చేసుకున్న ఒక చెట్టు. మణికట్టు దగ్గర, అచ్చం మా అవ్వ చేతిమీద ఉన్నట్టే, చుక్కల వరసా ఒక తేలూ. పక్కనే మూడక్షరాల ఆడమనిషి పేరు. ఎవరో ప్రియురాలిదై ఉంటుందనుకుని, పరువు కాపాడాలని ముందు దాన్నే తీసేశాను. గుడి గోడకు సున్నం కొడుతున్నవాడిలా భయపడుతూ ఒక్కొక్కటీ చెరిపాను. సాయంత్రానికి ఆ చెయ్యి పసిపిల్లాడి చెయ్యిలా నున్నగా తయారైంది. దాని పక్కన పెద్ద అక్షరాలతో 'పిట్లం పులికి స్వాగతం' అని వేశాను. పులి మాత్రం ఎక్కడా లేదు. సేటు మొదటిసారి నా భుజం తట్టాడు.

ఇంటికి వెళ్లి గొప్పగా చెబితే అవ్వ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"తుడిస్తె పోయేది కాదు బిడ్డ. సచ్చినా మనెంట వచ్చేది గదొక్కటే" అంది.

ఆ మాటతో నాకు అన్నం సహించలేదు. సన్మానం రోజు వేదిక వెనక ఫ్లెక్సీ కట్టడానికి సేటు నన్నే ఎల్లారెడ్డికి పంపాడు. ఎల్లారెడ్డి నుంచి ఒక్క మాట వచ్చినా మళ్లీ షాపు మెట్లెక్కొద్దని చెప్పి మరీ పంపాడు. బస్సులో నా ప్రాణం అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. జీవితంలో ఎవరిని చూడాలని తపించానో ఆయన్నే చూడబోతున్నాను, ఆయన నన్ను చూడకూడదని మొక్కుకుంటున్నాను.

పులన్న చేతుల్లేని బనియన్‌తో జీపు దిగాడు. ఎండలో ఆ చెయ్యి చూడగానే నా నోరు తెరుచుకుపోయింది. తెరమీద నేను చూసింది దాని నీడ కూడా కాదు. జనం ఒకసారి చేతిని, ఒకసారి ఫ్లెక్సీని చూడటం మొదలుపెట్టారు. ముందువరసలో కూర్చున్న ముసలామె, ఈయన సరే, బొమ్మలో ఉన్న పిలగాడు ఎప్పుడొస్తాడని పక్కామెను అడిగింది. మాజీ సర్పంచ్ వాచీ సర్దుకున్నాడు. పులన్న వేదికెక్కి, దండలు మెడలో ఉండగానే వెనక్కి తిరిగి ఇరవై అడుగుల తన బొమ్మముందు నిలబడిపోయాడు. దాని చేతిని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు.

"గీ బొమ్మ చేసినోడు ఎవరు?" అన్నాడు.

సంఘం పెద్దలందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. మేకుల డబ్బా పట్టుకున్న నేను ఒక్కణ్నే మిగిలాను. నా ఉద్యోగం పోవడం ఖాయమైంది, దాన్ని మించి ఆయన కోపం చూడాల్సివస్తుంది. "నేనే అన్నా" అన్నాననుకుంటాను.

పులన్న కోప్పడలేదు. ఫ్లెక్సీ చేతిమీద అరచెయ్యి ఆనించి మెల్లగా నిమిరాడు. మొదటి పచ్చబొట్టు పొడిపించుకున్న రోజు వాళ్లమ్మ, నేను కన్న చెయ్యి పాడుచేసుకున్నావని ఏడ్చిందట. ఇప్పటికీ కూడు పెట్టేటప్పుడు ఆ చేతిని చూసి గొణుగుతూనే ఉంటుందట. ఈ ఫ్లెక్సీ తనకిస్తే ఇంటికి తీసుకుపోతానని అడిగాడు.

"మా అమ్మకు చూపిస్త తమ్మీ. పాత చెయ్యి దొర్కిందని సంబురపడ్తది."

సన్మానం కాగానే ఫ్లెక్సీని చాపలా చుట్టి జీపుమీద వేసుకుని వెళ్లిపోయాడు. మాజీ సర్పంచ్ ఇదంతా తన ఆలోచనేనని అందరికీ చెప్పుకున్నాడు. నా ఉద్యోగం నిలబడింది.

కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, రైలుకు ఇంకా సమయముందని పులన్న మా షాపులోకి వచ్చాడు. చంకలో అదే ఫ్లెక్సీ. సేటు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. (సేటు ఎవరికోసమైనా లేవడం నేను చూడటం అదొక్కసారే.) పులన్న నా పక్కన స్టూలుమీద కూర్చుని, ఇంట్లో జరిగింది చెప్పాడు. ఫ్లెక్సీని గోడకు కడితే వాళ్లమ్మ దగ్గరికి వచ్చి చేతిమీద నిమిరి, చక్కగా ఉందని మురిసిపోయిందట. తర్వాత మణికట్టు దగ్గర వేలుపెట్టి వెతకడం మొదలుపెట్టిందట. ఆమెకు చదువు రాదు. లోకంలో ఆమె గుర్తుపట్టే అక్షరాలు ఆ మూడే.

"నా పేరేది బిడ్డా, అన్నది తమ్మీ. గప్పటి సంది బువ్వ సక్కగ తింటలేదు."

ఆయన నవ్వబోయాడు, నవ్వు సరిగ్గా రాలేదు. అన్నీ మళ్లీ పెట్టేయమన్నాడు. కానీ అసలు ఫొటో మీదే నా నున్నని చేతిని సేవ్ చేసి, పాతదాన్ని పోగొట్టుకుని కూర్చున్నాను (ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లు అందరూ ఒక్కసారైనా చేసే ఘనకార్యం). విషయం తెలిసి సేటు పళ్లు కొరికాడు. పులన్న మాత్రం, దానికేముంది, చెయ్యి ఇక్కడే ఉంది కదా అని కుడిచెయ్యి తెచ్చి నా కీబోర్డు పక్కన బల్లమీద పెట్టాడు. దాన్ని ఫొటో తీసి, బొమ్మలో అతికించి, రంగు కుదిరిందో లేదోనని మాటిమాటికీ అసలు చేతితో పోల్చుకుంటూ ముందు ఆ మూడక్షరాలు, తర్వాత తేలు, చుక్కలు, చెట్టు, చివరికి పులిని వెనక్కి తెచ్చాను.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. యంత్రాలు మారాయి, ఇలాంటి పని రెప్పపాటులో అయిపోతుంది. నాయకులే తమ పచ్చబొట్లు బాగా కనపడాలని అడుగుతున్నారు. నేను మాత్రం ఆ మధ్యాహ్నం చాలా ఆలస్యం చేశాను. ముట్టుకోవాలని ఏళ్లతరబడి కలలుగన్న చెయ్యి జానెడు దూరంలో, వెంట్రుకలతో, చెమటతో, కుట్ల గుర్తులతో ఊపిరి పీలుస్తున్నట్టు పడుకుని ఉంటే, ముట్టుకోలేదు సరికదా, మౌసు వదిలేసి దానివైపే చూస్తూ ఉండిపోయాను. ఏంది తమ్మీ ఆగింది అని పులన్న అడిగితే, కంప్యూటర్ స్లో ఉందన్నా అని చెప్పాను. కంప్యూటర్ బాగానే ఉంది.